గీతలూ, బీటలూ

అమరసింహుడు తన నిఘంటువులో భూమికి చెప్పిన పేర్లలో ‘అచల’ ఒకటి, ‘స్థిర’ ఒకటి. క్లాసులో ఈ మాటలు వచ్చినప్పుడు నేను వాటి పక్కనే ‘క్షమ’ అని కూడా బోర్డు మీద రాస్తూ వుంటాను. సంస్కృతంలో ఆ ఒక్క మాటకే భూమి అనీ, ఓర్పు అనీ అర్థాలున్నాయి. పేర్లు పెట్టినవాళ్ళకు నేల మీద ఎంత నమ్మకమో చూడండి! మన ముత్తవ్వలు మాత్రం అంత నమ్మలేదు. భూమి ఆదిశేషుడి పడగమీద వున్నదనీ, ఆయన బరువు ఒక పడగ నుంచి ఇంకో పడగకు మార్చుకుంటే కదులుతుందనీ చెప్పారు. పాము సంగతి ఎలా వున్నా, కదులుతుందన్న మాటలో నిఘంటుకారుడి కంటే ముత్తవ్వదే పైచెయ్యి.

2024 డిసెంబరు 4, బుధవారం పొద్దున్న ఏడున్నర కావస్తుండగా ఆ కదలిక వచ్చింది. కేంద్రం ములుగు జిల్లా అడవుల్లో, కొలత 5.3. వరంగల్లు, ఖమ్మం, హైదరాబాదులతోబాటు ఇవతల జగ్గయ్యపేట, విజయవాడలలోనూ జనం ఇళ్ళలోంచి వీధిలోకి వచ్చేశారు. మా తుళ్లూరు అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరం. మా ఊళ్ళో అది కొందరికి తెలిసింది, చాలామందికి తెలియలేదు. తెలియనివాళ్ళు కూడా మధ్యాహ్నానికల్లా మంచం ఎలా వూగిందో చెప్పటం మొదలుపెట్టారు. పది గంటలకు పాలవాడి గేదె కూడా ముందే పసిగట్టిందని వినికిడి.

ఆ నెలలోనే మరో వినోదం జరిగింది. 21, 22 తేదీల్లో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్ళూరు మండలాల్లో చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. బెంగుళూరులోనూ అమెరికాలోనూ వున్న మావాళ్ళు ‘తాళ్ళూరు’ను ‘తుళ్లూరు’గా చదువుకుని, “రాజధాని కదిలిందటగా!” అని ఒకటే ఫోన్లు. ఒక్క కొమ్ము ఎంత పని చేసిందో చూడండి. వ్యాకరణం అక్కరలేదనే పిల్లలకు చెప్పటానికి నాకు మంచి ఉదాహరణ దొరికింది.

ఇక అసలు సంగతికి వస్తాను. తుళ్లూరులో ఎరువుల కొట్టు మీద ఒక గది వున్నది. అందులో ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆఫీసు. దాన్ని నడిపే అబ్బాయి ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. తరువాత సివిల్ ఇంజనీరింగు చేశాడు. అతని భార్య ఆర్కిటెక్చరు చదివింది. బోర్డు మీద ‘డిజైన్ స్టూడియో’ అని రాయించారు. మా వూళ్ళో స్టూడియో అంటే ఫోటోలు తీసే చోటు. అందుకని ఇప్పటికీ నెలకు ఇద్దరు ముగ్గురు తలదువ్వుకుని, పౌడరు రాసుకుని పాస్‌పోర్టు ఫోటో కోసం మెట్లెక్కుతారు. ఆ అమ్మాయి వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, బస్టాండు దగ్గరి ఫోటోల షాపుకు దారి చెప్పి పంపుతుంది.

వాళ్ళు ఆ గది తీసుకున్నది 2016లో. అంతకు ముందు ఏడాది అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగింది. 29 గ్రామాల నేలమీద ప్రపంచం కళ్ళు పడ్డ రోజులవి. నగరం మొత్తానికి నక్షా సింగపూరు సంస్థ గీసింది. ముఖ్య భవనాలకు మొదట జపాన్‌లోని మాకి సంస్థను ఎంచి, ఆ తరువాత లండన్‌లోని నార్మన్ ఫాస్టర్ సంస్థకు అప్పగించారు. అంత పెద్దవాళ్ళు అంత పెద్దవి గీస్తుంటే, మిగిలిన చిన్నవి గీసేవాళ్ళు కూడా కావాలిగా! మేడ మీద మేడ, హాస్టలు, మెస్సు, నాలుగు షట్టర్ల కాంప్లెక్సు — ఇవి ఈ అబ్బాయి వంతు. అయిదు కుర్చీలు నిండాయి. నేను వెళితే కూర్చోటానికి చోటు లేక కిటికీలో కూర్చున్న రోజులున్నాయి.

2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వినబడింది. ఆ పైన ఏం జరిగిందో మీకందరికీ తెలిసిందే. ఇక్కడ దాని మంచిచెడ్డలు ఎత్తను. మెట్లెక్కే చప్పుడు ఆగిపోయింది. అయిదు కుర్చీలు రెండయ్యాయి. పెద్ద కాగితాల మీద ప్లాన్లు అచ్చువేసే యంత్రాన్ని అమ్మేశారు. మిర్చి కోల్డు స్టోరేజీకి కాలవ ఎటు తీయాలో, గుడికి ముఖద్వారం ఎంత ఎత్తుండాలో, పెళ్ళిపందిరికి కమాను ఎలా వుండాలో గీసి రోజులు నెట్టారు. “మాస్టారూ, పిల్లర్లు గీసిన చేత్తో అరటి బోదెలు గీస్తున్నాను” అని ఆ అబ్బాయి నవ్వేవాడు. నవ్వటం అతనికి అలవాటు గాని, ఆ ఏడుల్లో ఆ అమ్మాయి గుంటూరులో ఒక ప్రైవేటు కంపెనీకి రోజూ రెండు బస్సులు మారి వెళ్ళొచ్చింది.

2024 జూన్ తరువాత మళ్ళీ చప్పుడు మొదలయింది. ఆగస్టులో మద్రాసు, హైదరాబాదు ఐఐటీల నిపుణులు వచ్చి, ఏళ్ళతరబడి నీళ్ళలో నానిన సచివాలయ టవర్ల పునాదులనూ, సగంలో ఆగిన క్వార్టర్లనూ పరీక్షించారు. ఊళ్ళో జనం కూడా తమ తమ మొండిగోడల దగ్గర నిలబడి, తుప్పు పట్టిన ఊచల్ని వంచి చూసుకున్నారు. పాత కుర్చీలు తుడిచి వేశారు. సరిగ్గా పని చేతికందుతున్న రోజుల్లో ఈ కదలిక.

మర్నాటినుంచి ఆ గది ముందు వరస! ఎవరి చేతిలో చూసినా ఫోను, ఫోనులో బీట ఫోటో. వంటింటి బీట, పూజగది బీట, కిటికీ మూలనుంచి ఏటవాలుగా దిగిన బీట. “ఇది నిన్నటి దేనా?” అని అందరిదీ ఒకటే ప్రశ్న. ఆ అమ్మాయి ఒక నోటుబుక్కు తీసింది. ఇంటికి వెళ్ళి చూడటం, బీటలో బూజూ సున్నపు పొడీ పాతవా కొత్తవా అని భూతద్దంతో పరిశీలించటం, తరువాత బీటకు అడ్డంగా ఒక సన్నని గాజుముక్కను అంటించి దానిమీద తేదీ రాయటం. బీట ఇంకా కదిలితే గాజు పగులుతుంది, కదలకపోతే నిలుస్తుంది. మా ఊళ్ళో ఆ నెలలో ఎన్ని ఇళ్ళల్లో గోడలకు తేదీలు వెలిశాయో! మా పక్కింటి ముసలమ్మగారు ఆ గాజుముక్కకు బొట్టు కూడా పెట్టింది.

నూటికి తొంభై బీటలకు భూకంపంతో సంబంధం లేదని తేలింది. మాది నల్లరేగడి. పత్తికీ మిరపకూ బంగారం. ఇంటికి మాత్రం పేచీకోరు. వానలకు నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఏడాదికొకసారి ఇంటిని కిందనుంచి కాస్త ఎత్తి, కాస్త దించుతుంది. గట్టి పునాది లేని గోడ ఎన్నేళ్ళని ఓర్చుకుంటుంది? రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఈ మట్టికోసమే, నేలలో లోతుగా దిగి అడుగున గంటలా ఉబ్బివుండే పైల్సు పద్ధతి తయారుచేశారు. మావాళ్ళు చాలామంది ఆ ఖర్చు ఎందుకని కాస్త గ్రావెలు పోసి కట్టేశారు. పదేళ్ళనుంచి క్యాలెండరు వెనక దాగిన బీటలు, 4వ తేదీన క్యాలెండరు తీసి చూస్తే బయటపడ్డాయి. భూకంపం చేసిన పని గోడలు చీల్చటం కాదు, క్యాలెండర్లు తీయించటం.

ఈ పరీక్షలకు ఆ దంపతులు తీసుకున్నది పెట్రోలు ఖర్చు మాత్రమే. నేను కోప్పడ్డాను. “జబ్బు లేదని చెప్పినందుకు డాక్టరు ఫీజు తీసుకోడా?” అన్నాను. “తీసుకుంటాడు మాస్టారూ, కాని ఆయనకు ఊళ్ళో అప్పులుండవు. మేం కిరాణా కొట్టులో ఖాతా రాసుకుంటున్నాం” అంది అమ్మాయి.

సరే, నల్లరేగడిదే తప్పయితే ఇక భయం లేదా? ఆ అబ్బాయి మొహంలో నవ్వు పోయేది ఇక్కడే. దేశాన్ని భూకంప భయాన్నిబట్టి మండలాలుగా విభజించిన పటాలున్నాయి. 2002లో వచ్చినదాన్నిబట్టీ, 2016లో సవరించినదాన్నిబట్టీ గుంటూరు, విజయవాడ ప్రాంతాలు మూడవ మండలంలో పడతాయి. హైదరాబాదు రెండవదానిలో వుంది. అంటే మాది మరీ హిమాలయం కాదు, అలాగని మరీ నిశ్చింతా కాదు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 కొలతతో ఒకటి వచ్చింది. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనే వుండేది. 1970లోగాని వేరే జిల్లా కాలేదు. అటక మీది ఇత్తడి బిందెలు ఒకదానికొకటి కొట్టుకుని మోగాయనీ, దొంగలనుకుని మా తాతయ్య కర్ర తీశాడనీ మా అమ్మ చెప్పేది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చినది 5.7. ఆ గోదావరి లోయలో నేల పూర్వం ఎన్నడో పొడుగునా చీలి, కుంగి వుంది. ములుగు కదలికా ఆ తట్టుదే.

పటంలో రంగు చూసి మురిసిపోవటానికి వీల్లేదని చెప్పటానికి కిల్లారి పేరు చాలు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు తట్టు భూమి కదిలి, వేలమంది నిద్రలోనే పోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ భయం వున్న మొదటి మండలం! అక్కడి ఇళ్ళకు మట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు, పైన దూలాల మీద అడుగుల మందాన మట్టి మిద్దె. చలవకని పోసిన మట్టే మీద పడింది. 2002లో సవరించిన పటంలో ఆ మొదటి మండలం అనేదే తీసేశారు.

పైన బరువు తగ్గించాలన్న తెలివి మనవాళ్ళకు లేక కాదు. ఆ ములుగు జిల్లాలోనే పాలంపేట రామప్ప గుడి వున్నది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేటంత తేలిక. మరి 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్ అంతా కూలినప్పుడు, అక్కడి పల్లెల్లోని భూంగాలు చాలామట్టుకు నిలిచాయట. భూంగా అంటే మట్టిగోడ గుండ్రంగా తిరిగి, పైన తేలికపాటి గడ్డికప్పు వుండే ఇల్లు — మన కోస్తాలోని చుట్టిల్లుకు చుట్టమన్నమాట. మూలలు లేని ఇంటికి మూల చీలే బాధ లేదు. ఇవి చూసి, ఇప్పుడు అందరం చుట్టిళ్ళు కట్టుకుందామా అంటే, మా బావగారు వాస్తు పుస్తకం పట్టుకొస్తారు. ఈశాన్యం లేని ఇల్లు ఆయన లెక్కలో ఇల్లు కాదు.

ఈ వ్యాసం రాయటానికి కారణం ఆ బావగారే. మా అక్కయ్య భర్త. ఒక ఎకరం మెట్ట రాజధానికి సమీకరణలో ఇచ్చిన రైతు. ఊళ్ళో పాత మండువా ఇల్లు తీసేసి, కింద అంతా షట్టర్లూ కారు పార్కింగూ, పైన మూడంతస్తుల వాటాలూ వెయ్యాలని ఆయన కోరిక. వచ్చే వుద్యోగులకు అద్దెకిస్తే మనవరాలి చదువు గడిచిపోతుందని లెక్క. ప్లానుకు ఈ అబ్బాయి దగ్గరకు నేనే తీసుకువెళ్ళాను. ఊళ్ళో పని మొదలైన కొత్తలో అంత పెద్ద పని వాళ్ళకు అదే మొదటిది. బయానా కూడా ఇచ్చారు.

అబ్బాయి గీసిన ప్లానులో కింద అంతస్తులో నాలుగు చోట్ల, పిల్లరుకూ పిల్లరుకూ మధ్య గోడలున్నాయి. దానివల్ల రెండు షట్టర్లు పోయాయి. బావగారు కాగితం చూసి కళ్ళజోడు తీశారు. “ఏందబ్బాయ్ ఇది? నేను అడిగింది బజారు, నువ్వు గీసింది జైలు!”

అతను అహమ్మదాబాదు కథ చెప్పాడు. 2001లో భూకంప కేంద్రం అక్కడికి 200 కిలోమీటర్లకు పైనే. ఐనా అక్కడ ఎన్నో అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడలు లేవు. కార్ల కోసం వొట్టి పిల్లర్ల మీద నిలబెట్టారు. పై అంతస్తులకు ఇటుక గోడలుంటాయి గనుక అవి పెట్టెలా బిగువుగా వుంటాయి. నేల కదిలితే ఆ పెట్టె మొత్తం ఒక్కటిగా వూగుతుంది. ఆ వూపంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. ఇంజనీర్లు దాన్ని మెత్తని అంతస్తు అంటారు. బలిసిన మనిషిని కట్టెకాళ్ళ మీద నిలబెట్టినట్టు.

“మొన్న వచ్చిందిగా, ఏమయింది?” అన్నారు బావగారు.

“మొన్నటిది 5.3 అండీ. అహమ్మదాబాదును కూల్చింది 7.7. కొలతలో ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు ముప్ఫై రెండు రెట్లు. ఆ లెక్కన అది మొన్నటిదానికి దాదాపు 4000 రెట్లు. అంతటిది ఇక్కడికి వస్తుందని నేననను. కాని మొన్నటిలాంటిదే ములుగులో కాక మన కాళ్ళకింద వస్తే?”

బావగారు మాట్లాడకుండా లేచారు. మర్నాడు గుంటూరులో ఎవరో కోరినట్టు గీసిచ్చి సంతకం పెట్టేస్తామన్నారని కబురు పంపారు. ఇక్కడ నా ఇరకాటం ఆలోచించండి. ఒక వైపు అక్కయ్య: “నీ శిష్యుడికి నువ్వయినా చెప్పరా, ఆయన పట్టుదల నీకు తెలుసుగా” అని ఫోను. ఇంకో వైపు ఈ దంపతులు: నాలుగున్నరేళ్ళ కరువు తరువాత వచ్చిన ఫలహారం. బాబుకు స్కూలు ఫీజు కట్టాలని నాకు తెలుసు. సాయంత్రం వెళ్ళేసరికి ఆ అబ్బాయి బయానా డబ్బు కవరులో పెడుతున్నాడు, తిరిగి ఇచ్చేయటానికి. నేను చెప్పదలచుకున్న రాజీమాటలు గొంతులోనే వుండిపోయాయి.

కవరు తీసుకుని వెళ్ళింది మాత్రం ఆ అమ్మాయి. వెళ్ళి డబ్బు సంగతి ఎత్తకుండా, బావగారు కల్లం నుంచి తెచ్చి వసారాలో నిలబెట్టుకున్న మిర్చి టిక్కీల దగ్గర కూర్చుందట. “బాబాయిగారూ, ఈ టిక్కీ మూతికి కుట్టు వదిలితే ఏమవుతుంది?” అని అడిగింది. “ఏమవుతుంది, కాయంతా వసారా పాలు” అన్నారాయన. “పిల్లరూ అంతే. లోపలి కాంక్రీటు కాయ, చుట్టూ వేసే ఇనప రింగులు కుట్టు. రింగు కొస మామూలుగా తొంభై డిగ్రీలు వంచి వదిలేస్తారు. వూపుకు పై పెచ్చు రాలితే ఆ కొస విచ్చుకుంటుంది, కాయంతా వసారా పాలు. దాన్ని ఇంకా లోపలికి, నూట ముప్ఫై అయిదు డిగ్రీలు వంచి కాంక్రీటు కడుపులోకి గుచ్చాలి. తల దగ్గరా పాదం దగ్గరా నాలుగంగుళాలకు ఒక రింగు వెయ్యాలి. ఇది 1993 నుంచీ పుస్తకంలో వున్నదే. మేం కొత్తగా కనిపెట్టలేదు. గోడలు కొన్ని తగ్గించమంటే లెక్క చూసి, పిల్లర్లు లావుచేసి ఏదయినా చేస్తాం. రింగు మాత్రం తగ్గించం.”

నలభై ఏళ్ళు మిర్చి యార్డుకు టిక్కీలు తోలిన మనిషికి కుట్టు సంగతి వేరే చెప్పాలా! వారం రోజులు బేరం నడిచింది. చివరికి నాలుగు గోడల్లో రెండు, కాంక్రీటు గోడలుగా మారి, ఇంటి వెనకభాగంలో ఒకటి నిలువుకూ ఒకటి అడ్డానికీ వచ్చాయి. ముందు పిల్లర్లు లావయ్యాయి. ఒక షట్టరు పోయింది, ఒకటి దక్కింది. లెక్కల్ని విజయవాడలోని తమ పాత ప్రొఫెసరుకు చూపించి గాని వాళ్ళు సంతకం పెట్టలేదు.

రాడ్డు పనివాళ్ళతో ఇంకో యుద్ధం. “ఇట్టా వంచితే రోజుకు వంద రింగులయ్యేకాడ అరవై కావు. కూలి ఎవరిస్తారు?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. బావగారు గొణుక్కుంటూ కూలి పెంచారు. ఐనా అబ్బాయి రోజూ ఆరింటికి వెళ్ళి ఒక్కొక్క రింగునూ చేత్తో తడిమి చూసేవాడు. నేను ఒకటి రెండుసార్లు వెంట వెళ్ళాను. మంచులో ఆ ఊచల గూడు దగ్గర గొంతుక్కూర్చుని, రాగాలు పలుకుతున్నాయేమోనని వీణ మెట్లు సరిచూసుకునేవాడిలా వున్నాడు. ఒక పిల్లరులో పన్నెండు రింగులు విప్పించి మళ్ళీ కట్టించాడు. ఆ రోజు మేస్త్రి అన్నం తినకుండా వెళ్ళిపోయాడు, మర్నాడు వచ్చాడు.

2025 మే 2న ప్రధానమంత్రి వచ్చి రాజధాని పనులు మళ్ళీ ప్రారంభించిన నాటికి బావగారి ఇంటికి రెండో స్లాబు పడింది. ఇప్పుడు మూడంతస్తులూ లేచాయి. కింద మిగిలిన షట్టర్లలో ఒకటి టిఫిను హోటలుకు ఇచ్చారు. బావగారు వచ్చినవాళ్ళందరికీ ఒక పిల్లరును తట్టి చూపించి, లోపలి రింగుల గురించి స్వయంగా తానే కనిపెట్టినట్టు వర్ణిస్తారు. కొస ఎంత వంచాలో డిగ్రీలతో సహా చెబుతారు.

కాని ఫీజులో ఆఖరి భాగం మాత్రం ఇంకా ఇవ్వలేదు. ప్లాను కాగితం అడుగున, ‘ఈ కట్టడం మీద ఇంకొక అంతస్తు వేయరాదు’ అని ఆ అమ్మాయి చేతిరాతలో ఒక వాక్యం వున్నది. పైన ఒక చిన్న పెంట్‌హౌసు వేద్దామని బావగారి ఆలోచన. ఆ ఒక్క ముక్కా కొట్టేస్తే అదే రోజు డబ్బు పంపుతానంటారు. అమ్మాయి కొట్టెయ్యనంటుంది. పోయిన ఆదివారం ఆ కాగితం నాకు చూపించి, “మీరు తెలుగు మాస్టారు కదా, ఈ ‘వేయరాదు’ను ‘వేయకుండుట మంచిది’ అని మార్చకూడదూ?” అని అడిగారు బావగారు.

నేను ఆ కాగితం మడిచి ఆయనకే ఇచ్చాను.